చీటీ లేని విత్తనము, పేరు లేని వైద్యము

వానకాలపు పంటకు విత్తనము కొనుటకై మన సంఘపు గోదామునకు వచ్చు సభ్యుడు సంచిని మొదట తిరుగవేసి చూచును. కుట్టుదగ్గర చీటీ యున్నదా, అందు రకము పేరు, లాటు నంబరు, మొలక శాతము, పరీక్ష జరిగిన తేదీ వ్రాసియున్నవా యని చూడక రూపాయి తీయడు. వరి విత్తనము నూటికి 80 కంటెను, మక్కలు 90 కంటెను తక్కువ మొలవరాదను నిబంధన యున్నదని మన గ్రామములలో తెలియనివారు అరుదు. చీటీ లేని సంచిని ఎంత తియ్యగా మాటలాడి చూపినను అతడు ముట్టడు. అట్టి రైతే సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఫోను తెరచి, ఎవరు చెప్పిరో, ఎవరి కొరకు చెప్పిరో, ఎన్నడు చెప్పిరో తెలియని మందును తన యింటి ముసలివారికిని పిల్లలకును ఇచ్చుటకు సిద్ధపడుచున్నాడు. ఈ వింతను గూర్చి ఈ నెల కొంత వ్రాయదలచితిమి.

కోవిడు కాలము గడచిపోయినది గదా, ప్రపంచ ఆరోగ్య సంస్థయే 2023 మే 5వ తేదీన అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది గదా, ఇప్పుడేల ఈ ప్రస్తావన యని కొందరనవచ్చును. రోగము తగ్గినది, అలవాటు తగ్గలేదు. ఆనాడు కోవిడునకు మందు చెప్పిన ఫోనే నేడు డెంగీ జ్వరమునకు బొప్పాయి ఆకు రసమును, మధుమేహమునకు ఏదో గింజను, మూత్రపిండములలోని రాళ్ళకు మరియేదో కషాయమును చెప్పుచున్నది. కావున ఆ రెండేండ్లలో మన చుట్టుపట్ల జరిగినది మరువక ముందే యొకమారు లెక్క చూచుకొనుట మంచిది.

మొదట మనకు నష్టము కలిగించిన వదంతిని చెప్పెదము. 2020 జనవరి 30వ తేదీన మన దేశములో మొదటి రోగి కేరళలో బయటపడెను. తెలంగాణములో మొదటి రోగిని మార్చి 2వ తేదీన గుర్తించిరి. ఈ రెంటి నడిమి కాలములో, అనగా రోగము మన రాష్ట్రమునకు రాకమునుపే, దాని వదంతి వచ్చి కూర్చున్నది. కోడిమాంసము తిన్నవారికి ఈ జబ్బు సోకునని, ఎక్కడివో రోగిష్టి కోళ్ళ బొమ్మలతో సహా వాట్సాపులో ఊరూర తిరిగెను. కోళ్ళనుండి మనుష్యులకు ఈ రోగము వచ్చుననుటకు ఆధారము లేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ చెప్పినను వినువారు లేకపోయిరి. తుదకు ఫిబ్రవరి 28వ తేదీన రాష్ట్ర మంత్రులు హైదరాబాదులో వేదిక నెక్కి జనుల యెదుట కోడిమాంసము తిని చూపవలసి వచ్చెను. మొదటి రోగి దొరకుటకు అప్పటికింకను మూడు దినములున్నవి! కర్ణాటకములో బెళగావి, కోలారు ప్రాంతముల పెంపకందారులు అమ్ముడుపోని కోళ్ళను గోతులలో పూడ్చిపెట్టిరి.

ఇది కోళ్ళవారి గొడవ మాత్రమే యని మొదట మనవారు తలచిరి. కాని తినువాడు మానిన పెంచువాడు మానును. పెంచువాడు మానిన దాణా కొనువాడుండడు. దాణా అనగా మక్కలును సోయాయును గదా. మన జిల్లాలో ఈ రెండు పంటలును వేయని మండలము లేదన్నను చెల్లును. ఆ యాసంగి మక్కలు కోతకు వచ్చునప్పటికి ధర పడిపోయి యుండెను. మార్చి 25వ తేదీ మొదలు దేశమంతట రాకపోకలు నిలిచిపోవుటయు అందులకు పెద్ద కారణమే. అంతయు వదంతి నెత్తిన వేయుట న్యాయము కాదు. అయినను ప్రభుత్వము మార్కుఫెడ్ ద్వారా క్వింటాలు 1,760 రూపాయల మద్దతు ధరకు గ్రామములలోనే కొనకుండిన యెడల మన సభ్యులలో పలువురు ఆ సంవత్సరము పెట్టుబడి కూడ తిరిగి చూచియుండరు. ఆ వేసవిలోనే కోడిగుడ్లును మాంసమును తిని బలము పెంచుకొనుడని ముఖ్యమంత్రియే ప్రజలకు చెప్పుట మీకు జ్ఞాపకముండవచ్చును. ముఖము తెలియని ఎవరో ఒకరు బొటనవ్రేలితో నొక్కి పంపిన నాలుగు పంక్తులు వేల యెకరముల పంట ధరను కదల్చినవని తలచుకొన్న నేటికిని ఆశ్చర్యము కలుగును.

నాడు మనమందరము ఆ వదంతిపైన మండిపడితిమి. ఇక రెండవ దానిని చెప్పవలసియున్నది. దీనిని చెప్పుటకు మాకు కొంచెము సంకోచముగా నున్నది.

అదే వేసవిలో పసుపును గూర్చిన మాటలును ఫోనులలోనికి వచ్చినవి. పసుపు నీరు త్రాగినవారికి కోవిడు రాదనియు, వచ్చినవారికి మూడు దినములలో పోవుననియు, పసుపు వేసి ఆవిరి పట్టిన వైరసు గొంతులోనే చచ్చుననియు నానావిధములుగా ప్రచారమయ్యెను. దీనికి మూలముగా చూపినది ఒక నిజమైన ప్రకటనయే. 2020 మార్చి నెలాఖరున కేంద్ర ఆయుషు శాఖవారు సామాన్యముగా రోగనిరోధక శక్తికై చేయదగిన పనులు కొన్ని చెప్పుచు, అందు వేడిపాలలో అర చెంచా పసుపు కలిపి త్రాగుటను పేర్కొనిరి. ఇది కోవిడునకు చికిత్స యని మేము చెప్పుటలేదనియు వారే స్పష్టముగా తెలిపిరి. ప్రకటన చేతులు మారిన కొలది పాలును పసుపును మిగిలినవి. ఆ హెచ్చరిక రాలిపోయినది. ప్రయోగశాలలో గాజునాళికయందు పసుపులోని కర్కుమిన్ పెక్కు గుణములు చూపిన మాట నిజము. కాని మనము తిన్న పసుపునుండి రక్తములో చేరునది మిక్కిలి స్వల్పము. పసుపు తినుటవలన కోవిడు రాకుండెననిగాని నయమయ్యెననిగాని మనుష్యులపైన సరియైన పరీక్షలలో రుజువు కాలేదు.

కోడి వదంతికి మండిపడిన మనము ఈ పసుపు వదంతికి ఏమి చేసితిమి? పంపితిమి. ఆర్మూరు, బాల్కొండ వైపుననే కాక మన వైపునను పసుపు పండించువారున్నారు. నిజామాబాదు గంజిలో కొమ్మునకును గోళకును పది రూపాయలు ఎక్కువ పలికిన సంతోషింపని యిల్లు లేదు. ఎరువుల బండి వచ్చినప్పుడు సభ్యులకు తెలియుటకై మన సంఘము పెట్టుకొన్న వాట్సాపు గుంపులోనే పసుపు మహిమ దినమునకు నాలుగైదు మారులు వచ్చుచుండెను. మేము దానిని తీసివేయలేదు. మన పంటను పొగడుచున్నారు గదా, మనకేమి నష్టమని ఊరకుంటిమి. నష్టమేమనగా, పసుపు నీరు త్రాగుచున్నాము గావున మాకు మాస్కు అక్కరలేదని యనిన సభ్యులను మేమే యెరుగుదుము. 2025 జనవరి 14వ తేదీన జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. ఇక మన పసుపు దూరదేశములకు పోవలెనన్న, దానిలో లేని గుణమును చెప్పి అమ్మువారు మన పంటకు మిత్రులు కారు. మనకు లాభము కలిగించు అబద్ధమును చూచినప్పుడు మన కన్ను కొంచెము మూసికొనును. కోడి విషయములో మనకు తెలిసిన నీతి పసుపు విషయములో జ్ఞప్తికి రాకపోవుటకు కారణ మింతే.

ఇంతకంటె ఘోరమైనవి లేకపోలేదు. 2020 ఏప్రిలు మొదటి వారములో చిత్తూరు జిల్లాలోని యొక గ్రామమున రెండు కుటుంబములవారు, సుమారు పదిమంది, ఉమ్మెత్త గింజలను నూరి ఆ రసము త్రాగి స్మారకము తప్పి ఆసుపత్రి పాలైరి. ఉమ్మెత్త కాయ చూచుటకు ముండ్లతో కరోనా వైరసు బొమ్మవలె నుండును గావున అదియే దానికి విరుగుడని టిక్‌టాకులో నొకడు చూపెనట. దైవవశమున వారు కోలుకొనిరి. ఉమ్మెత్త మన పొలము గట్టులమీదను మొలచునదే. పశువు కూడ దానిని తినదు. ఆ గింజ విషమని తరతరములుగా తెలిసిన పల్లెవాడు, ఫోనులో కదలు బొమ్మ చెప్పగా, తన తాతలు చెప్పిన మాటను తోసివేసెను. మన పూర్వుల విద్యను ఈ ఫోనులు కాపాడుచున్నవని వాదించువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

కృష్ణపట్నము సంగతి అందరు నెరిగినదే. 2021 మే నెలలో, రెండవ విడత రోగము మిక్కుటముగా నుండి ఆసుపత్రులలో మంచము దొరకని దినములలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో బొణిగి ఆనందయ్య యిచ్చు మందుతో నిమిషములలో లేచి కూర్చుండిరను వీడియోలు తెలుగు దేశమంతట వ్యాపించెను. ఆ నెల 21వ తేదీన వేలకొలది జనులు ఆ యూరికి చేరిరి. రోగులును ఆరోగ్యవంతులును ఒకే వరుసలో నిలిచిరి. ప్రభుత్వము పంపిణీ నాపి పరీక్షలకు పంపెను. తుదకు మే 31వ తేదీన, ఈ మందువలన కోవిడు తగ్గుననుటకు ఆధారము లేదనియు, హాని కనబడలేదనియు చెప్పి, కంటిలో వేయు చుక్కలను మినహాయించి తక్కినవానికి అనుమతి నిచ్చిరి. ఆ కంటి చుక్కలతో తనకు ప్రాణము లేచి వచ్చినదని వీడియోలో చెప్పిన పెద్దమనిషి తరువాత ఆసుపత్రిలో చేరి, ఆ దినముననే మరణించెను. ఆనందయ్యను మేము నిందింపము. ఆయన సొమ్ము తీసికొన్నవాడు కాడు. కాని బ్రదికినానని చెప్పిన వీడియో చూచినవారిలో ఎందరికి ఆ పిమ్మటి వార్త చేరినదో యోచింపుడు. మొదటిది రెక్కలు కట్టుకొని వచ్చినది. రెండవది పత్రికలో ఒక మూలన నిలిచినది.

అయితే పూర్తిగా అబద్ధమైన మాటకంటె సగము నిజమైన మాటయే మనవారికి ఎక్కువ చేటు చేసినదని మా యభిప్రాయము. 2020 జూనులో ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు పండితులు డెక్సామెథసోన్ అను చౌక స్టెరాయిడు మందును వేలమంది రోగులపైన పరీక్షించి ఫలితము ప్రకటించిరి. శ్వాస యంత్రముపైన నున్నవారిలో మూడవ వంతును, ప్రాణవాయువు మాత్రము అవసరమైనవారిలో ఐదవ వంతును మరణములు తగ్గినవి. ప్రాణవాయువు అక్కరలేని రోగులకు దానివలన మేలేమియు కనబడలేదు. ఇది నిజమైన శాస్త్రము. 2021 ఏప్రిలు, మే నెలలలో ఇదే మందు పేరు ఎవరిదో యొక వైద్యుని చీటీ ఫోటోలో నెక్కి మన పల్లెలకు వచ్చెను. ఎవరికి ఇయ్యవలెను, ఎప్పుడు ఇయ్యవలెను, ఎప్పుడు ఆపవలెను అను మాటలు ఆ ఫోటోలో లేవు.

మన సభ్యుడొకడు ఆ ఫోటోను మా కార్యాలయమునకు తెచ్చి చూపెను. ఎనిమిది మందుల పేర్లున్నవి. పైన వైద్యుని పేరున్న భాగము కత్తిరింపబడి యున్నది. జ్వరము వచ్చి రెండు దినములైనదట, మధుమేహ మున్నవాడు. మేము చదివి, డాక్టరు వ్రాసినదే గదా యని తిరిగి యిచ్చితిమి. అతడు మందుల దుకాణమున కొని మ్రింగెను. స్టెరాయిడు రక్తములోని చక్కెరను పెంచునని మాకు తెలియదు. తెలియని సంగతియందు నోరు మెదపవచ్చునా యని ఆలోచింపనైన లేదు. వారము తిరుగకమునుపే అతనిని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చెను. బ్రదికి వచ్చినాడు. నేటికిని గోదామువద్ద మమ్ము పలుకరించి నవ్వును. మాకు మాత్రము ఆ నవ్వు చూచినప్పుడెల్ల ఆ కత్తిరించిన కాగితము కంటికి కట్టును. ఆ నెలలోనే నల్ల ఫంగసను జబ్బు రాష్ట్రమున ప్రబలి, 2021 మే 20వ తేదీన ప్రభుత్వము దానిని విధిగా తెలుపవలసిన రోగముగా ప్రకటించి, కోఠీలోని చెవి ముక్కు గొంతు ఆసుపత్రిని దాని చికిత్సకు ఏర్పాటు చేసెను. అదుపులేని మధుమేహమును, అవసరము లేని స్టెరాయిడులును ఆ జబ్బునకు దారి తీయునని వైద్యులు చెప్పిరి.

ఇక్కడ నొక ప్రశ్న న్యాయముగానే పుట్టును. వైద్యులు మాత్రము ఒక్క మాటమీద నిలిచిరా? 2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మంచిదనిరి, తరువాత కాదనిరి. కోలుకొన్నవారి ప్లాస్మా ఎక్కించవలెనని జనులు పరుగులెత్తిరి. 2021 మే నెలలో దానిని చికిత్సా సూచనలనుండి తొలగించిరి. మాట మార్చువారిని నమ్ముటెట్లని సభ్యులు మమ్మడిగినారు. దీనికి సమాధానము మన డిచ్‌పల్లిలోనే యున్నది. ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో అక్కడ కుష్ఠరోగుల ఆసుపత్రిని నెలకొల్పెను. దానికి మన జిల్లా దాత రాజా నర్సాగౌడు ధనసహాయము చేసెను. ఆ కాలమున చాల్‌మోగ్రా జాతి నూనెను సూదితో ఎక్కించుటయే ఉత్తమ చికిత్స. దేశము నలుమూలలనుండి రోగులు వచ్చిరి. 1940ల తరువాత సల్ఫోను మందులు వచ్చి నూనెను వెనుకకు నెట్టినవి. 1980లలో రెండు మూడు మందులు కలిపి యిచ్చు చికిత్స వచ్చి సల్ఫోనును ఒంటరిగా వాడుటను మాన్పినది. నూనె వాడినవారు మోసగాండ్రా? కారు. వారు రోగుల లెక్క వ్రాసిపెట్టిరి. మేలైనది రాగా పాతదానిని విడిచిరి. లెక్క చూచి మాట మార్చుకొనువాడు వేరు. వాట్సాపు వైద్యుడు ఎన్నడును మాట మార్చుకొనడు. అతనికి లెక్కయే లేదు.

ఎండలకు వైరసు చచ్చునను మాట ఇట్టిదే. మన నిజామాబాదు ఎండలు తెలంగాణమున పేరుపొందినవి గావున ఈ మాట మనవారికి మిక్కిలి రుచించినది. ఎండ దెబ్బకు అన్నియు మాడిపోవును, మనకేమి భయమనిరి. రెండవ విడత రోగము సరిగా 2021 ఏప్రిలు, మే నెలలలోనే వచ్చెను. ఆ ఏప్రిలు ఆరంభముననే మన ప్రాంతములో ఒక పెండ్లికి వెళ్ళినవారిలో ఎనుబదిమందికి పైగా రోగము సోకినట్లు పరీక్షలలో తేలినది. పెండ్లి నాటి ఎండకు తక్కువ లేదు.

టీకాను గూర్చి మేము విన్న వదంతులన్నియు వ్రాసిన ఈ పత్రిక చాలదు. ఒక్కటి మాత్రము చెప్పెదము, ఏలయనగా దానికి గడువు తేదీ యున్నది. టీకా వేసికొన్నవారందరు రెండేండ్లలో మరణింతురని, నోబెలు బహుమానము పొందిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూక్ మోంటాన్యే చెప్పెనని 2021 మే నెలలో అందరి ఫోనులకు వచ్చెను. టీకాలను గూర్చి ఆయన వేరు ఆక్షేపణలు చేసినమాట నిజమేగాని, ఈ మాట ఆయన అననే లేదు. కేంద్ర సమాచార శాఖవారు అప్పుడే దీనిని ఖండించిరి. దేశములో ఇప్పటికి 220 కోట్లకు మించి టీకాలు వేసిరి. ఆ గడువు 2023 మే నెలతో తీరినది. టీకా వేసికొన్న మనము ఆ పిమ్మటి యాసంగులును కోసితిమి. టీకాలవలన అరుదుగా హాని కలుగుటయు నిజమే. కొన్ని టీకాల పిమ్మట మిక్కిలి కొద్దిమందిలో రక్తము గడ్డకట్టునని కనిపెట్టి ప్రకటించినది వైద్య పరిశోధకులే. వదంతి పంపినవాడు మాత్రము నా గడువు తీరినది, క్షమింపుడని మరల రాలేదు.

మరియొక సంగతిని చెప్పక విడువరాదు. నిజామాబాదు గంజిలోగాని బోధను బజారులోగాని హిందువు పండించినది ముస్లిము కొనును, ముస్లిము తెచ్చినది హిందువు కొనును. శక్కర్‌నగరు చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడువరకు చెరకు బండ్లు ఒకే వరుసలో నిలిచినవి. 2020 ఏప్రిలులో ముస్లిము పండ్లవ్యాపారులు బుద్ధిపూర్వకముగా రోగము అంటించుచున్నారని ఒక వీడియో తిరిగెను. అది మధ్యప్రదేశములోని రాయసేనులో ఫిబ్రవరిలో తీసినది. దానికిని కోవిడునకును సంబంధము లేదు. అయినను దేశమున పలుచోట్ల తోపుడు బండ్లవారిని వీధులలోనికి రానీయలేదు. వీడియో క్రింద తీసిన తేదీ యున్న ఇన్ని కుటుంబముల కూడు పోకుండెడిది. తేదీ లేని విత్తనపు సంచి మనకు పంట నష్టము కలిగించును. ఇది పొరుగువానినే నష్టపరచినది.

ఫోనువలన మేలు జరుగలేదని మేమనము. ఊపిరి కష్టమైనప్పుడు బోర్ల పడుకొనుట, వ్రేలికి తగిలించు పరికరముతో ప్రాణవాయువు కొలుచుకొని 94 కంటె తగ్గిన ఆసుపత్రికి పోవుట మొదలైనవి మన పల్లెలకు వైద్యులకంటె ముందు ఫోనే తెచ్చినది, అవి సరియైనవి. ఏ ఆసుపత్రిలో మంచము ఖాళీ యున్నదో తెలిపి ప్రాణములు నిలిపిన యువకులు బోధనులోను ఉన్నారు. కర్పూరము, వాము మూటకట్టి వాసన చూచిన ప్రాణవాయువు పెరుగునన్న అబద్ధమును అదే గంటలో అదే ఫోను తెచ్చినది. రెంటికిని ఒకే అక్షరములు, ఒకే రంగు. వేరుపరచునది చీటీ యొక్కటే.

చీటీ చూచు విధము సభ్యులకు క్రొత్తది కాదు. చెప్పినవాని పేరును, పనిచేయు చోటును ఉన్నవా, ఉన్న యెడల నిజముగా అతడే చెప్పెనా, ఏ రోగికి, ఎంత మోతాదు, ఏ తేదీది. సందేశముపైన రెండు బాణముల గుర్తు కలిసి కనబడిన, అది కనీసము ఐదు చేతులు దాటి వచ్చినదని యెరుగవలెను. 2020 ఏప్రిలు నుండి అట్టి దానిని ఒకమారు ఒక్కరికే పంపునట్లు వాట్సాపువారు కట్టడి చేసిరి. ఈ నెలనుండి మన సంఘపు గుంపులో ఎరువులు, విత్తనములు, ధరలు, ఋణముల వాయిదాలు తప్ప వేరొకటి రానీయరాదని పాలకవర్గము తీర్మానించినది. మందును గూర్చిన సందేశము వచ్చిన యెడల సభ్యులు దానిని పంపక, ఆరోగ్య ఉపకేంద్రములోని నర్సునకుగాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకుగాని చూపగోరుచున్నాము. కార్యాలయమునకు తెచ్చినను మేము చదివి, వారివద్దకే పంపెదము. డాక్టరు వ్రాసినదే గదా యని మాత్రము అనము. పసుపును పొగడు సందేశములకును ఈ తీర్మానము వర్తించును. ఆ మాటవద్ద సభలో ఇరువురు సభ్యులు అభ్యంతరము చెప్పిరి; వారి అభ్యంతరమును కార్యవాహిలో వ్రాసికొన్నాము.